పొగ చెప్పే లెక్క

కట్టెల పొయ్యి మీద వండే వాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. మంట మందగిస్తే ఊదుడు గొట్టం తీసుకొని ఊదుతారు. పొగ తగ్గుతుంది. మంట లేస్తుంది. కట్టెలు అవే. పొయ్యి అదే. మరి ఏం మారింది?

గాలి మారింది. మంటకు గాలి అందింది.

మంటకు రెండు తిండ్లు కావాలి. ఒకటి కట్టె, బొగ్గు, ఊక, గ్యాసు వంటి ఇంధనం. రెండోది గాలి. ఇంధనం కంటికి కనిపిస్తుంది. దానికి డబ్బు పెట్టి కొంటాం. గాలి కంటికి కనిపించదు. డబ్బు పెట్టి కొనం. అందుకే దాని లెక్క ఎవరూ చూడరు. కాని పెద్ద పెద్ద కార్ఖానాలలో గాలి లెక్క రాత్రింబగళ్లు చూస్తారు. ఎట్ల చూస్తారు? ఎందుకు చూస్తారు? ఆ లెక్కతో మనకేం పని? తెలుసుకుందాం.

గాలిలో ఏముంది?

ఒక చిన్న పని చేసి చూడండి. నూనె దీపం వెలిగించండి. దాని మీద గాజు గ్లాసు బోర్లించండి. కొద్దిసేపట్లో దీపం ఆరిపోతుంది. నూనె అయిపోలేదు. వత్తి అయిపోలేదు. గ్లాసులోని గాలిలో మంటకు కావలసిన సరుకు తగ్గిపోయింది.

ఆ సరుకు పేరు ఆక్సిజన్. దీనినే ప్రాణవాయువు అని కూడా అంటారు. మనం పీల్చి బతికేది దీనితోనే. మంట బతికేది కూడా దీనితోనే.

గాలి అంతా ఆక్సిజన్ కాదు. 100 బిందెల గాలి ఉందనుకోండి. అందులో సుమారు 78 బిందెలు నైట్రోజన్. 21 బిందెలు ఆక్సిజన్. మిగిలిన ఒక్క బిందెలో వేరే వాయువులు ఉంటాయి. నైట్రోజన్ మంటకు తిండి కాదు. మంట తినేది ఆ 21 బిందెల ఆక్సిజన్‌నే.

కట్టెలో, బొగ్గులో, ఊకలో కార్బన్ అనే పదార్థం ఉంటుంది. అది ఆక్సిజన్‌తో కలిస్తే వేడి పుడుతుంది. ఒక కిలో కార్బన్ పూర్తిగా కాలాలంటే సుమారు పదకొండున్నర కిలోల గాలి కావాలి. కిలో సరుకుకు పదకొండున్నర కిలోల గాలి! కంటికి కనపడని గాలిని మంట అంత తింటుంది.

గాలి తక్కువైతే ఏమవుతుంది?

గాలి చాలకపోతే కార్బన్ పూర్తిగా కాలదు. సగం కాలుతుంది. నల్లటి పొగ వస్తుంది. గిన్నె అడుగుకు, గోడలకు మసి పడుతుంది. ఆ మసి ఏమిటి? కాలకుండా పోయిన ఇంధనమే. మనం మోసుకొచ్చిన కట్టె, కొన్న బొగ్గు మసిగా మారి గోడకు అంటుకున్నట్టు.

ఇంకొక నష్టం కంటికి కనిపించదు. కార్బన్ పూర్తిగా కాలితే కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. దీనిని బొగ్గుపులుసు గాలి అని కూడా అంటారు. సగమే కాలితే కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. పూర్తిగా కాలినప్పుడు ఒక రూపాయి వేడి వస్తుందనుకోండి. అదే కార్బన్ సగం కాలి మోనాక్సైడ్ అయితే వచ్చేది సుమారు 28 పైసల వేడి మాత్రమే. మిగిలిన 72 పైసలు పొగతోపాటు పోతాయి.

కార్బన్ మోనాక్సైడ్ విషం. దానికి రంగు లేదు. వాసన లేదు. మన రక్తం ఆక్సిజన్‌ను మోసుకొని ఒళ్లంతా తిప్పుతుంది. ఈ విషవాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటు ఉండదు. చలికాలంలో కొందరు తలుపులు, కిటికీలు మూసి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకుంటారు. కుంపటిలో పొగ కనిపించదు. కాని ఈ విషం నిండుతుంది. నిద్రలోనే ప్రాణం పోతుంది.

అందుకే మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పడుకోవద్దు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం దీని గుర్తులు. అట్ల అనిపిస్తే వెంటనే తలుపులు తెరవాలి. అందరూ బయటి గాలిలోకి రావాలి. 108కి ఫోన్ చేయాలి.

గాలి ఎక్కువైతే మంచిదేనా?

గాలి తక్కువైతే నష్టం అని తెలిసింది. అయితే బాగా ఎక్కువ గాలి పంపితే సరిపోదా? సరిపోదు. దానిలో వేరే నష్టం ఉంది.

ఆరుబయట మూడు రాళ్ల పొయ్యి పెట్టి వండినప్పుడు చూసే ఉంటారు. ఈదురు గాలి కొడితే మంట పక్కకు పోతుంది. కట్టెలు గబగబా కాలుతాయి. గంజులో నీళ్లు మాత్రం కాగవు. వేడి అంతా గాలి ఎత్తుకుపోయింది. అందుకే పొయ్యికి రేకు అడ్డం పెడతారు.

కార్ఖానా బాయిలర్‌లో కూడా ఇంతే. అవసరానికి మించి గాలి పంపితే ఆ గాలి మంటకు తిండి కాదు. చల్లగా లోపలికి వస్తుంది. లోపలి వేడిని తీసుకొని చిమ్నీ గుండా బయటికి పోతుంది. బొగ్గు కాలింది. కాని వేడి ఆకాశానికి పోయింది. అంతే కాదు, ఆ గాలిని తోసే ఫ్యాన్లకు కరెంటు కూడా ఎక్కువ ఖర్చవుతుంది.

కాబట్టి గాలి తక్కువ కావద్దు. ఎక్కువ కావద్దు. సరిగ్గా ఉండాలి. అన్నంలో ఉప్పులాగ.

చెల్పూరు కరెంటు కార్ఖానా

వరంగల్ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లి పోయే దారిలో చెల్పూరు అనే ఊరు ఉంది. అక్కడ కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అది ప్రభుత్వ జెన్‌కో సంస్థది. అందులో మొదటి యూనిట్ 500 మెగావాట్లది. 2010లో పనిలోకి వచ్చింది. రెండోది 600 మెగావాట్లది. 2016లో పనిలోకి వచ్చింది. రెండూ కలిపి 1100 మెగావాట్లు. అప్పుడు ఈ ఊరు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి పోయింది.

భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుబాయిలు ఉన్నాయి. ఇక్కడి కరెంటు బొగ్గు నుంచే పుడుతుంది. ఎట్ల? బొగ్గును మిల్లులో మెత్తటి పొడి చేస్తారు. ముఖానికి రాసుకునే పౌడరు లాగ మెత్తగా. ఆ పొడిని గాలితో బాయిలర్‌లోకి ఊదుతారు. లోపల అది భగ్గున మండుతుంది. బాయిలర్ చుట్టూ గొట్టాలలో నీళ్లు ఉంటాయి. అవి ఆవిరి అవుతాయి. ఆవిరి వేగంగా పోయి టర్బైన్ అనే చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం తిరిగితే కరెంటు పుడుతుంది.

పొయ్యి దగ్గర మనం ఊదుడు గొట్టంతో ఊదుతాం. బాయిలర్ దగ్గర ఆ పని పెద్ద ఫ్యాన్లు చేస్తాయి. ఒక రకం ఫ్యాన్లు గాలిని లోపలికి తోస్తాయి. ఇంకొక రకం ఫ్యాన్లు పొగను లాగి చిమ్నీలోకి పంపుతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. 500 మెగావాట్ల యూనిట్ పూర్తిగా నడిస్తే గంటకు 5 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు అరకిలోకు పైగా బొగ్గు కావాలి. ఉజ్జాయింపుగా గంటకు 300 టన్నుల బొగ్గు అనుకుందాం. 10 టన్నుల లారీలు 30. ప్రతి గంటకూ 30 లారీల బొగ్గు!

మంట సరిగా లేక, నూటికి ఒక్క పాలు బొగ్గు వృథా అయిందనుకోండి. గంటకు 3 టన్నులు పోయినట్టు. రోజుకు 72 టన్నులు పోయినట్టు. ఆ బొగ్గును ఎవరో భూమి లోపలికి దిగి తవ్వారు. వాళ్ల ఇంట్లో వాళ్లు డ్యూటీ దిగి వచ్చేదాకా ఎదురుచూశారు. అట్ల వచ్చిన బొగ్గు ఊరికే పోవద్దు. పైగా ఎక్కువ బొగ్గు కాలితే బూడిద ఎక్కువ వస్తుంది. పొగ ఎక్కువ వస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఆ గాలే పీల్చాలి.

కాబట్టి మంటకు సరైన గాలి అందుతుందా లేదా తెలియాలి. మంట దగ్గరికి పోయి చూడలేం. మరి ఎట్ల తెలుస్తుంది?

మిగిలింది చూస్తే తెలుస్తుంది

పెళ్లిలో వంట చేశారు. బంతులన్నీ అయిపోయాయి. ఇంటి పెద్దమ్మ వచ్చి గిన్నెల్లో చూస్తుంది. అడుగున కొంచెం అన్నం మిగిలింది. ఆమెకు తృప్తి. అందరూ కడుపు నిండా తిన్నారు. గిన్నె పూర్తిగా ఖాళీగా ఉంటే? ఎవరైనా ఆకలితో లేచారేమో అని అనుమానం. సగం గిన్నె మిగిలితే? బియ్యం దండుగ అయ్యాయి.

బాయిలర్ పొగ విషయంలో కూడా ఇదే తెలివి. మంట తిన్న తర్వాత పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో కొలుస్తారు. అస్సలు మిగలకపోతే మంట ఆకలితో ఉంది. చాలా మిగిలితే గాలి దండుగ అయింది. కొద్దిగా మిగిలితే మంట సరిగా ఉంది.

ఆ కొద్దిగా అంటే ఎంత? పొడి బొగ్గుతో నడిచే పెద్ద బాయిలర్‌లో సాధారణంగా పొగలో నూటికి 3 నుంచి 4 పాళ్లు ఆక్సిజన్ మిగిలేటట్టు చూస్తారు.

అసలు మిగలడం ఎందుకు? లెక్క ప్రకారం సరిపోయేంత గాలి ఇస్తే చాలదా? చాలదు. అంత పెద్ద బాయిలర్‌లో గాలి, బొగ్గు పొడి అన్ని మూలలా సమానంగా కలవవు. ఒక మూల గాలి ఎక్కువ, ఒక మూల తక్కువ ఉంటుంది. వంద మందికి వండేటప్పుడు సరిగ్గా వంద మందికే వండుతామా? నలుగురికి ఎక్కువే వండుతాం. ఇదీ అంతే.

ఒక లెక్క చేద్దాం. మంటకు 100 బిందెల గాలి అవసరం అనుకోండి. అందులో 21 బిందెల ఆక్సిజన్ ఉంటుంది. మనం 120 బిందెల గాలి ఇచ్చాం. అందులో ఆక్సిజన్ 25 బిందెల కంటే కొంచెం ఎక్కువ. మంట 21 తిన్నది. మిగిలింది 4 బిందెల కంటే కొంచెం ఎక్కువ. 120లో 4 పై చిల్లర అంటే నూటికి సుమారు మూడున్నర పాళ్లు.

దీనిని తిప్పి చెబితే, పొగలో ఉన్న ఆక్సిజన్‌ను బట్టి ఎంత గాలి పంపామో చెప్పవచ్చు.

పొగలో ఆక్సిజన్ మూడున్నర పాళ్లు ఉంటే, 100 బిందెలు కావలసిన చోట సుమారు 120 బిందెల గాలి పంపినట్టు.

పొగలో 7 పాళ్లు ఉంటే, 150 బిందెలు పంపినట్టు.

పొగలో పదిన్నర పాళ్లు ఉంటే, 200 బిందెలు పంపినట్టు. అంటే అవసరానికి రెండింతలు.

చూశారా? పొగలోని ఒక్క అంకె మంట సంగతి అంతా చెబుతుంది.

ఎట్ల కొలుస్తారు?

పాతకాలంలో ఆర్సాట్ అనే గాజు సామాను వాడేవారు. పొగను కొంచెం పట్టి గాజు గొట్టంలోకి తీసుకునేవారు. దానిని ఒక మందు నీళ్ల గుండా పంపితే బొగ్గుపులుసు గాలి అందులో కలిసిపోయేది. ఇంకొక మందు నీళ్ల గుండా పంపితే ఆక్సిజన్ కలిసిపోయేది. ప్రతిసారీ పొగ ఎంత తగ్గిందో గొట్టం మీది గీతలు చూసి లెక్కకట్టేవారు. ఇది మంచి పద్ధతే. కాని సమయం పట్టేది. లెక్క తేలేసరికి బాయిలర్‌లో మంట తీరు మారిపోయేది.

ఇప్పుడు వాడేది వేరు. జిర్కోనియా అనే పదార్థంతో చేసిన చిన్న గొట్టం ఉంటుంది. అది పింగాణి వంటిది. జిర్కోనియాకు మూలం జిర్కాన్ అనే ఖనిజం. ఆంధ్ర సముద్రతీరం ఇసుకలో కూడా జిర్కాన్ ఉంది.

ఈ పింగాణికి ఒక వింత గుణం ఉంది. చల్లగా ఉంటే మామూలు పింగాణిలాగే ఉంటుంది. 700 డిగ్రీలు, ఆపైన వేడి చేస్తే, దాని గోడలోంచి ఆక్సిజన్ అతి సూక్ష్మమైన కణాలుగా దాటిపోగలదు. వేరే వాయువులు దాటలేవు. వేడి చేసిన జిర్కోనియాలో కరెంటు పారుతుందని జర్మనీ శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ 19వ శతాబ్దం చివరలో గుర్తించి, దానితో ఒక దీపం కూడా చేశాడు. 1920 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకు వచ్చింది.

కొలత ఇట్ల జరుగుతుంది. పింగాణి గోడకు ఒక పక్క బయటి గాలి ఉంటుంది. అందులో ఆక్సిజన్ నూటికి 21 పాళ్లు. రెండో పక్క పొగ ఉంటుంది. అందులో ఆక్సిజన్ తక్కువ. పొలంలో ఒక మడి ఎత్తుగా, పక్క మడి పల్లంగా ఉంటే నీళ్లు ఎటు పారుతాయి? ఎత్తు నుంచి పల్లానికి. ఆక్సిజన్ కూడా ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపు పోవాలని చూస్తుంది. అట్ల తోసేటప్పుడు పింగాణికి రెండు పక్కలా కొంచెం కరెంటు ఒత్తిడి పుడుతుంది. రెండు మడుల మధ్య తేడా ఎంత ఎక్కువ ఉంటే ఒత్తిడి అంత ఎక్కువ.

పొగలో ఆక్సిజన్ మూడున్నర పాళ్లు ఉన్నప్పుడు పుట్టే ఒత్తిడి చాలా చిన్నది. టార్చిలైటులో వేసే ఒక సెల్లు ఒత్తిడిలో సుమారు 40వ వంతు. మీటరు ఆ చిన్న ఒత్తిడిని పట్టుకుంటుంది. దానిని అంకెగా మార్చి చూపిస్తుంది. రెండు పక్కలా మామూలు గాలే ఉంటే తేడా లేదు. ఒత్తిడి సున్నా.

ఈ గొట్టాన్ని బాయిలర్ నుంచి పొగ బయటికి వచ్చే దారిలో దింపుతారు. ఒక్కటి కాదు. పొగ దారి వెడల్పుగా ఉంటుంది కాబట్టి కుడివైపు, ఎడమవైపు కొన్ని పెడతారు. అంకెలు కంట్రోల్ రూములో కనిపిస్తాయి. అక్కడి ఉద్యోగులు అంకెలు చూసి గాలి పెంచుతారు, తగ్గిస్తారు. చాలా చోట్ల యంత్రమే ఆ పని చేస్తుంది.

ఇట్లాంటి కొలత సాధనం ఇప్పుడు రోడ్ల మీద కూడా తిరుగుతోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త మోటారు బండ్లకు బీఎస్-6 అనే కాలుష్య నియమం వచ్చింది. అప్పటి నుంచి కొత్త స్కూటర్లు, బైకుల సైలెన్సర్ గొట్టంలో కూడా చిన్న ఆక్సిజన్ సెన్సర్ ఉంటోంది. పెట్రోలు, గాలి సరిగా కలిసాయా లేదా అని అది చూస్తుంది.

వేలికి పెట్టే మీటరు ఇదేనా?

కరోనా వచ్చిన 2020, 2021 సంవత్సరాలలో ఆక్సిజన్ లెవెల్ అనే మాట అందరికీ తెలిసింది. వేలికి క్లిప్పు లాంటిది పెట్టి చూసేవారు. 95, 98 అని అంకె వచ్చేది. అది వేరు, ఇది వేరు.

వేలికి పెట్టేది రక్తాన్ని చూస్తుంది. వెలుతురు పంపి, రక్తంలో ఎంత భాగం ఆక్సిజన్‌ను మోస్తోందో లెక్కకడుతుంది. అక్కడ అంకె ఎక్కువ ఉండాలి. పొగ మీటరు పొగను చూస్తుంది. ఇక్కడ అంకె 3, 4 ఉంటే చాలు. అంకె ఒకటే చూస్తే సరిపోదు. అది దేని అంకె అని కూడా అడగాలి.

కొలత తప్పితే?

పెళ్లి వంట గిన్నెలో ఎవరో పక్కింటి అన్నం తెచ్చి పోశారనుకోండి. పెద్దమ్మ చూసి చాలా మిగిలింది అనుకుంటుంది. నిజానికి బంతిలో వాళ్లకు చాలలేదు.

పొగ దారిలో కూడా ఇట్ల జరుగుతుంది. రేకుకు చిల్లి పడితే, అతుకు ఊడితే బయటి గాలి లోపలికి వస్తుంది. ఫ్యాను లోపలి నుంచి లాగుతుంది కాబట్టి చిల్లి గుండా గాలి చొరబడుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ కూడా మీటరులో కలుస్తుంది. అంకె పెరుగుతుంది. గాలి ఎక్కువైంది అనుకొని గాలి తగ్గిస్తే, లోపల మంట నిజంగానే ఆకలితో మాడుతుంది. విషవాయువు పెరుగుతుంది.

అందుకే మూడు జాగ్రత్తలు తీసుకోవాలి.

ఒకటి, మీటరు పెట్టిన చోటుకు ముందు చిల్లులు ఉండవద్దు.

రెండు, మీటరును అప్పుడప్పుడు సరిచూడాలి. ఆక్సిజన్ ఎంత ఉందో ముందే తెలిసిన గ్యాసు సిలిండరు నుంచి దానికి గ్యాసు పట్టించి, అంకె సరిగా చూపిస్తుందా అని చూస్తారు. కిలో రాయితో తక్కెడను సరిచూసినట్టు.

మూడు, ఆక్సిజన్ ఒక్కటే కాక కార్బన్ మోనాక్సైడ్ కూడా కొలవాలి. ఆక్సిజన్ మిగిలినా మోనాక్సైడ్ కూడా ఉందంటే గాలి, బొగ్గు సరిగా కలవడం లేదని అర్థం.

ఊకతో నడిచే మిల్లులు

వరంగల్ చుట్టుపక్కల రైసు మిల్లులు చాలా ఉన్నాయి. ఉప్పుడు బియ్యం చేసే మిల్లులలో వడ్లను ఆవిరితో ఉడికిస్తారు. ఆ ఆవిరి కోసం బాయిలర్ ఉంటుంది. అందులో వడ్ల ఊకనే కాలుస్తారు. చిన్న బాయిలర్లు నడిపేవాళ్లు చాలామంది కంటితోనే మంటను చూస్తారు. పొగ నల్లగా ఉంటే గాలి చాలలేదని గాలి పెంచుతారు.

కన్ను సగమే చెబుతుంది. గాలి తక్కువైతే నల్ల పొగ కనిపిస్తుంది. గాలి రెండింతలు ఎక్కువైతే పొగలో ఏమీ కనిపించదు. చిమ్నీ శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది. లోపల ఊక మాత్రం దండుగ అవుతూ ఉంటుంది. ఇట్లాంటి చోటికి చేతితో తీసుకుపోయే మీటర్లు ఉన్నాయి. పొగ దారిలో రంధ్రం చేసి, సన్నని గొట్టం పెడితే అంకె చూపిస్తుంది. సాంకేతిక నిపుణులు వచ్చి చూసి, గాలి ఎంత పెట్టాలో చెబుతారు.

పాలలో నీళ్లు, పొగలో గాలి

పాలకేంద్రంలో పాలు పోసేటప్పుడు లాక్టోమీటరు పెడతారు. నీళ్లు కలిపితే పట్టిస్తుంది. పొగలో కూడా ఇట్లాంటి కల్తీకి అవకాశం ఉంది.

ఒక కార్ఖానా పొగలో కాలుష్యం ఎక్కువ ఉందనుకోండి. ఆ పొగలో ఊరికే గాలి కలిపితే ఏమవుతుంది? బిందె పొగలో కాలుష్యం తక్కువగా కనిపిస్తుంది. కాని మొత్తం మీద ఊరి మీద పడే కాలుష్యం తగ్గలేదు. పలుచబడింది, అంతే. ఈ మోసాన్ని ఆక్సిజన్ అంకె పట్టిస్తుంది. ఆక్సిజన్ ఎక్కువ ఉందంటే గాలి కలిసింది అని అర్థం. అందుకే చిమ్నీ కాలుష్యం అంకె ఎవరైనా చెబితే, పక్కనే ఆక్సిజన్ అంకె ఎంత అని అడగాలి. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ బొగ్గు కరెంటు కేంద్రాల పొగకు కొత్త హద్దులు పెట్టింది. హద్దు పెడితే చాలదు. కొలత నిజాయితీగా ఉండాలి.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆక్సిజన్ మీటరు అన్నీ చెప్పదు. పొగలో బూడిద ఎంత, గంధకం వాయువు ఎంత అన్నది చెప్పదు. వాటికి వేరే మీటర్లు ఉన్నాయి. మంట ఎంత సరిగా మండినా బొగ్గు కాలితే బొగ్గుపులుసు గాలి వస్తుంది. కాని మంట సరిగా మండితే, అదే కరెంటుకు తక్కువ బొగ్గు చాలు. అంత మేరకు బూడిదా తగ్గుతుంది, పొగా తగ్గుతుంది.

లోపలికి దిగే మనిషి ప్రాణం

బాయిలర్‌ను మరమ్మతు కోసం ఆపుతారు. చల్లారిన తర్వాత పనివాళ్లు లోపలికి దిగుతారు. పొగ దారులను శుభ్రం చేస్తారు. అక్కడ విషవాయువు మిగిలి ఉండవచ్చు. ఆక్సిజన్ చాలకపోవచ్చు. అందుకే దిగే ముందు లోపలి గాలిని మీటరుతో చూడాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్లు. అది పందొమ్మిదిన్నర కంటే తగ్గితే దిగవద్దు. మోనాక్సైడ్ కూడా చూడాలి. బయట ఒక మనిషి కాపలా ఉండాలి.

ఇంట్లో అన్నో, భర్తో, కొడుకో ఇట్లాంటి పనికి పోతుంటే ఒక మాట అడగండి. దిగే ముందు గాలి చూశారా? ఈ మాట అడగడానికి పెద్ద చదువు అక్కర లేదు. పాడుబడ్డ బావిలోకి దిగేటప్పుడు కూడా ఇదే మాట. ఒకరు లోపల పడిపోతే వెంటనే ఇంకొకరు దిగవద్దు. అట్ల దిగి ఇద్దరూ ముగ్గురూ పోయిన సంఘటనలు ఉన్నాయి.

మన పొయ్యి దగ్గర

ఇంట్లో మీటరు ఉండదు. కాని మంట రంగు చెబుతుంది. గ్యాసు పొయ్యిలో మంట నీలంగా ఉంటే గాలి సరిగా అందుతోంది. పచ్చగా, ఎర్రగా ఉండి గిన్నె అడుగున మసి పడితే గాలి చాలడం లేదు. బర్నరు రంధ్రాలు మూసుకుపోయి ఉండవచ్చు. పొయ్యి చల్లారిన తర్వాత బర్నరు తీసి శుభ్రం చేయాలి. అయినా మారకపోతే గ్యాసు మెకానిక్‌కు చూపించాలి.

కట్టెల పొయ్యి అయితే ఎండిన కట్టెలే వాడాలి. పొయ్యి నిండా కట్టెలు కుక్కవద్దు. కట్టెల మధ్య గాలికి సందు ఉండాలి. బూడిద ఎప్పటికప్పుడు తీయాలి. వంటింట్లో పొగ పోవడానికి కిటికీ గాని పొగగొట్టం గాని ఉండాలి.

చెప్పండి చూద్దాం

1. 100 బిందెల గాలిలో ఆక్సిజన్ ఎన్ని బిందెలు?

2. పొగలో ఆక్సిజన్ 7 పాళ్లు ఉంది. గాలి ఎక్కువైనట్టా, తక్కువైనట్టా?

3. ఒక బాయిలర్‌లో గంటకు 3 టన్నుల బొగ్గు వృథా అవుతోంది. పది రోజులకు ఎన్ని టన్నులు?

4. చిమ్నీ నుంచి నల్ల పొగ రావడం లేదు. అంటే అంతా సరిగా ఉన్నట్టేనా? ఎందుకు?

5. మీ ఇంటి పొయ్యి మంట ఈరోజు ఏ రంగులో ఉంది? చూసి రాయండి.